ఇంగ్లండ్ గుంత, మన పాతర

ఇంగ్లండ్‌ల బట్సర్ అని ఇనుపయుగపు పద్ధతుల్లో నడిచే వ్యవసాయక్షేత్రం ఉన్నది. 1972లో పీటర్ రేనాల్డ్స్ ఆధ్వర్యంలో మొదలైంది. ఆనాటి రైతులు సుద్దనేలలో తవ్విన గుంతలు దేనికన్న వాదన ఆయన కాగితాల మీద తేల్చలేదు. గుంత తవ్వి, గింజలు నింపి, మట్టితో మూతి మూసిండు. అంచు గింజలు కొన్ని మొలకెత్తి లోపలి ఆక్సిజన్‌ను తాగేసినయి, కార్బన్ డయాక్సైడ్ నిండింది. చలికాలం దాటినంక తీస్తే మిగతా ధాన్యం బాగనే ఉన్నది, విత్తితే మొలిచింది.

ఇది మన జొన్న పాతరే గదా! అక్కడ ఆ పని తెలిసినోళ్లు ఎవరూ మిగల్లేదు కాబట్టి ప్రయోగం చేసిండ్రు. మన ఊర్లల్ల పాతర తీసిన తాతలు కొందరు ఇంకా అరుగుల మీదనే ఉన్నరు. మూత తీసిన వెంటనే లోపలికి దిగొద్దని వాళ్లకు ఏ పుస్తకమూ చెప్పలేదు. కుండపెంకులకు గాజుపెట్టెలు చేయించే మన పురావస్తు పెద్దలు, ఈ ఎండకాలమే ఒక్క పాతర వాళ్లతోని తవ్వించి, నింపించి, రాసుకోవాలని మేము అడుగుతున్నం.