తెరమీద కానరాని తండ్రి

గడచిన యేడు టెక్కలి ప్రాంతమున నొక పాఠశాలవారు "మా నాన్న" యను విషయముపై బాలబాలికలకు వ్యాసపు పోటీ యేర్పరచి, పరీక్షకులలో నొకరుగా మమ్ము పిలిచిరి. వ్యాసములు ముప్పదికి పైగా వచ్చినవి. చదువుచు పోగా మాకొక వింత తోచినది. ఆ పిల్లల తండ్రులలో పెక్కుమంది చెన్నపట్టణమునందో హైదరాబాదునందో కట్టడపు పనులలో నున్నవారు. కొందరు పలాస జీడి కర్మాగారములలో కూలి చేయువారు. కాని వ్యాసములలోని తండ్రులు కార్లు నడుపుచున్నారు. పుట్టినదినమునకు మోటారు సైకిళ్లు కొనిపెట్టుచున్నారు. కుమారుని కౌగిలించుకొని, నీ యిష్టమే నా యిష్టమనుచున్నారు. ఇట్టి తండ్రి ఉద్దానమున నెచట నున్నాడు? మేమెరిగినంతలో లేడు. అతడు తెరమీద నున్నాడు. బిడ్డలు కన్నతండ్రిని ప్రక్కకు త్రోసి, తెరమీది తండ్రిని గూర్చి వ్రాసిరి.

ఒక్క బాలుడు మాత్రమట్లు వ్రాయలేదు. అతని వ్యాసము అరపుట మించదు. "మా నాన్న వారానికి మూడుసార్లు ఆటోలో పలాస వెళతాడు. వచ్చాక పడుకుంటాడు, మాటాడడు. నీళ్లు గ్లాసుతో కొలిచి నేనే ఇస్తాను. ఇంకా కావాలంటాడు. నేను ఇవ్వను." ప్రథమ బహుమానము వీనికి రాలేదు, కారు నడుపు తండ్రికి వచ్చినది. ఆ తీర్పు క్రింద మా సంతకము కూడ నున్నది. ఈ వ్యాసము వ్రాయుటకు మాకు గల యధికారమంతయు ఆ సిగ్గునుండి వచ్చినదే.

మా యభియోగమిది. తెలుగు చలనచిత్రము తండ్రికి ఒక్కటే నిర్వచన మిచ్చినది: ఇచ్చువాడు తండ్రి. ఇవ్వజాలనివాడు త్రాగుబోతు, లేదా హాస్యగాడు, లేదా కథారంభమున చచ్చి కుమారుని పగకు నెపమగు శవము. ఈ మూడును గాక నాల్గవ స్థానము పేదతండ్రికి ఆ తెరమీద బహు అరుదు.

2006లో వచ్చిన "బొమ్మరిల్లు" చూడుడు. ధనికుడగు తండ్రి, అన్నియు తానే యెంచి యిచ్చి కుమారునికి ఊపిరియాడనీయడు. కడపట కుమారుడు నిలదీయగా కరగిపోవును. ప్రకాశ్ రాజ్ అభినయము గొప్పది. మేమును కంట తడిపెట్టినవారమే. ఆ తండ్రి మన యువకుల నోట నానుడియైనాడు. కాని యా కథలోని ఫిర్యాదేమి? తండ్రి మితిమీరి యిచ్చెననుటయే గదా! అట్టి ఫిర్యాదు చేయగల భాగ్యము కవిటిలో, కంచిలిలో, వజ్రపుకొత్తూరులో నెందరు బిడ్డలకున్నది? 2016లోని "నాన్నకు ప్రేమతో" చూడుడు. తండ్రి సంపదను మోసగించి కాజేసినవానిపై లండను నగరమున కుమారులు తీర్చుకొను పగయే పితృభక్తి యగుచున్నది. అచట పితృఋణమనగా ఆస్తి వ్యాజ్యము. వ్యాజ్యములతోనే బ్రదుకువాడనగుట నాకది నవ్వు పుట్టించినది.

2023 డిసెంబరు మాసమును పాఠకులు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఆ నెల 1వ తేదీన "యానిమల్" వచ్చినది. తెలుగువాడైన సందీప్ రెడ్డి వంగా హిందీలో తీయగా తెలుగు మాటలతోను మన ఊళ్లకు దిగినది. తండ్రి ఉక్కు కర్మాగారముల కుబేరుడు; అతని చూపు తనపై పడలేదని కుమారుడు నెత్తురుటేరులు పారించును. 7వ తేదీన "హాయ్ నాన్న" వచ్చినది. దీనిని దాని సరసన కూర్చుండబెట్టుట అన్యాయము. ఇది సౌమ్యమైన కథ, బిడ్డ కొరకు తపించు తండ్రి కథ. ఐనను గమనింపుడు: ఆ తండ్రి బొంబాయిలో పేరుమోసిన ఛాయాగ్రాహకుడు, రోగము బిడ్డది. తండ్రి ఆరోగ్యవంతుడు, సంపన్నుడు, సుందరుడు. 14వ తేదీన పలాసలో 200 పడకల ఆసుపత్రియు మూత్రపిండముల పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడెను. అచటి పడకలపై నున్న తండ్రులు ఆ రెండు చిత్రములలో దేనియందును లేరు.

ఈ వ్యాధిని గూర్చి మన పాఠకులకు విస్తరించి చెప్పనక్కరలేదు. ఇచ్ఛాపురమునుండి పలాస, వజ్రపుకొత్తూరు వరకు గల యేడు మండలములలో ఇది చొరని గ్రామమరుదు. పొలమున ఎండలో పనిచేయు మగవారినే యెక్కువగా పట్టును. నొప్పి లేదు, వాపు లేదు. తెలియునప్పటికే మూత్రపిండములు చాలవరకు చెడియుండును. ఇన్నేండ్ల పరిశోధనలును కారణమిదియని తేల్చలేదు. పిమ్మట వారమునకు మూడుమార్లు, మారునకు నాలుగు గంటలు యంత్రమునకు కట్టుబడి యుండవలెను. త్రాగు నీటికి కొలత. నలువదియేండ్ల మగవాడు, నిన్నటివరకు కొబ్బరిచెట్టు నెక్కినవాడు, నేడు తన కుమారుని చేతిలోని గ్లాసు వైపు చూచును. నీరు కొలిచి యిచ్చువాడు ఇపుడు కుమారుడు, ఇంకను కావలెనని యడుగువాడు తండ్రి, కాదనువాడు కుమారుడు. ఆ కాదనుటలో నెంత ప్రేమయున్నది! ఆ యడుగుటలో నెంత అవమానమున్నది! ఇంతకు మించిన నాటకము కోట్లు కుమ్మరించి లండనులో వెదుకవలెనా?

ఇచ్చు చేయి యెంత చంచలమైనదో ఈ సీమకు వేరుగా చెప్పవలెనా? కొబ్బరిచెట్టును కన్నకొడుకని పిలుచుకొను నేల మనది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ కన్నకొడుకులను ఒక్క రాత్రిలో నేలగూల్చినది. బిడ్డ చదువునకు, పెండ్లికి ఆధారమని పెంచిన తోట తెల్లవారునప్పటికి మోడులు. మరల నాటినను కాపునకు ఏండ్లు పట్టును. ఆ తెల్లవారి తోటగట్టున నిలిచినవాడు తండ్రి కాకపోయెనా? తెర చెప్పు నిర్వచనము ప్రకారము కాకపోయెను.

వృత్తిరీత్యా ఒక మాట. మనోవర్తి యిప్పించు చట్టము సైతము, తగిన సాధనములుండియు బిడ్డలను పోషింపని తండ్రినే దోషిగా నిలుపును. సాధనములు లేనివానిని, శక్తి యుడిగినవానిని చట్టము వేరుగా చూచును. చట్టము కఠినమందురు, మన చిత్రములు దానికన్న కఠినములు. వీని ఫలమును ప్రోనోట్ల దావాలలో మేము చూచుచున్నాము. చెన్నపట్టణమున ఇటుకలు మోయుచున్న తండ్రి, కొడుకు చిన్నబుచ్చుకొనునని అప్పు చేసి మోటారు సైకిలు కొనును. ఎందుకయ్యా యని యడిగిన, "అందరి నాన్నలూ కొంటున్నారండి" యనును. అందరి నాన్నలెవరు?

దూరదర్శనపు ధారావాహికల సంగతి త్వరగా చెప్పి ముగింతుము, అవి త్వరగా ముగియవు గనుక. "కార్తీక దీపము" 2017 మొదలు 2023 జనవరి వరకు ఇంటింట వెలిగినది. నాయకుడు వైద్యుడు. భార్యను శంకించి, కన్నబిడ్డను తన బిడ్డ కాదనును. ఆ రక్తము నాదా కాదా యను ప్రశ్న యేండ్లకొలది సాగినది. అవే యేండ్లలో ఉద్దానపు గడపలలో తండ్రి రక్తమును గూర్చి వేరొక ప్రశ్న వినబడుచుండెను: క్రియాటినిన్ ఎంత వచ్చినది? ఆ ధారావాహికను చూచుచు ఈ ప్రశ్న వేసిన ఇల్లాండ్రను మేమెరుగుదుము. వారికి కావలసినది కూడ వైద్యుడే.

మన జిల్లాను చిత్రములు తాకలేదా యందురేమో. తాకినవి. 2020లో "పలాస 1978" కులపీడనను ధైర్యముగా చూపినది. దానికి మా నమస్కారము. 2025లో "తండేల్" వచ్చినది. 2018 నవంబరులో గుజరాతు తీరమున వేటకు పోయి పాకిస్తానువారికి చిక్కి, కరాచీ చెరలో మ్రగ్గి, 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలైన మన మత్స్యకారుల ఉదంతమే దానికి మూలము. వారిలో భార్యాబిడ్డలను విడిచి పోయినవారుండిరి. తెరకెక్కునప్పటికి నాయకుడు ప్రేమికుడైనాడు. ప్రేమికుడు నిరీక్షించిన పాటయగును. బిడ్డ నిరీక్షించిన పాట కాదు కాబోలు! సముద్రమున నెలల తరబడి యుండి వచ్చిన తండ్రిని గుర్తింపక తల్లి కొంగున దాగు పసివానిని ఈ తీరమున నెవరు చూడలేదు?

వినోదమునకు వచ్చు ప్రేక్షకుడు రోగములకు, అప్పులకు టిక్కెట్టు కొనునా యని నిర్మాతలందురు. 1939లో సి. పుల్లయ్య గారు "వర విక్రయము"ను చిత్రముగా తీసిరి. కాళ్లకూరి నారాయణరావు గారి యా నాటకములో తండ్రి పురుషోత్తమరావు దుష్టుడు కాడు, కుబేరుడు కాడు. కట్నము కొరకు భూమి నమ్ముకొనువాడు, కూతురు కాళింది ప్రాణమును నిలుపుకొనలేనివాడు. భానుమతి గారు తొలిసారి తెరపై కనిపించినది ఆ కాళిందిగానే. జనులు చూడకపోయిరా? అంతకు పూర్వమే మన పొరుగున విజయనగరమున గురజాడ అప్పారావు గారు కూతురును శుల్కమునకు అమ్ముకొను అగ్నిహోత్రావధానులను రంగస్థలముపై నిలబెట్టి, ఆ కాలపు తండ్రులందరిని విచారించిరి. ఇచ్చుచున్నాడా యని కాదు, ఏమి చేయుచున్నాడని వారు తండ్రి నడిగిరి. ఆ ప్రశ్న నడుగుటకు విదేశములలో చిత్రీకరణ మక్కరలేదు.

చిత్రములను నిషేధింపుడని మేమనము. నిషేధములతో పెరిగిన కళ లేదు. మన చేతనున్న పని చిన్నది. ఈ యేడు పోటీకి మరల మమ్ము పిలిచినారు. విషయము మార్చుడని కోరితిమి: "నిన్న మా నాన్న ఏమి చేసెను" అని పెట్టుదురట. ఆ బాలుని నిరుటి వ్యాసమును, అతని యనుమతితో పేరు కొట్టివేసి, పఠనమందిరపు బల్లపై నుంచితిమి. దానికి బహుమానమేమియు ఇంకను ఇయ్యలేదు. ఇచ్చుటకు పోగా, ఆదివారము తీరిక లేదు, నాన్నతో పలాస పోవలెనని చెప్పినాడు.