లక్షల చెట్లు, ఒకే చెట్టు

మే నెల పొద్దున బాటసింగారం పండ్ల మార్కెట్‌లో క్రేట్ల మధ్య నడిస్తే ఎటు చూసినా బంగినపల్లే. హిమాయత్, దసేరీ ఓ మూలకు కాసిని. అంతరించే జీవులంటే మనకు పులీ, బట్టమేకపిట్టే గుర్తొస్తాయి. నా దిగులు మామిడి టెంక గురించి. మన మామిళ్లలో చాలావాటి టెంక నాటితే తల్లిని అచ్చంగా పోలని కొత్త చెట్టు మొలుస్తుంది. అంటు కడితే పైకొమ్మ తల్లిదే. రైతు అంటుమొక్కే అడుగుతాడు, తప్పేముంది? టెంకమొక్క కాయ రుచి తేలేసరికి ఏళ్లు పడుతుంది, అప్పిచ్చినవాడు అన్నాళ్లు ఆగడు. అందుకే లక్షల బంగినపల్లి చెట్లు జన్యుపరంగా దాదాపు ఒకే చెట్టు. తోటలెన్ని పెరిగినా ఆ లెక్క మారదు. ఒక్క తెగులు వస్తే అన్నీ ఒకేలా లొంగొచ్చు. ఇలాగే పిలకలతో పెంచిన గ్రోస్ మిషెల్ అరటిని 1960ల నాటికి పనామా తెగులు లాటిన్ అమెరికా ఎగుమతి తోటల్లోంచి ఊడ్చేసింది. సంగారెడ్డి పరిశోధన స్థానంలో వందల మామిడి రకాలను కాపాడుతున్నారు, సంతోషం. కానీ కొత్త రకానికి పొలం గట్టున తనంతట మొలిచే చెట్టూ కావాలి. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గట్టుమీది పీచుమామిడికి పేరే లేదు, కొట్టేస్తే కట్టెల ధర. మార్కెట్లో నాటుకాయకు ఒక్క షెడ్డు విడిగా ఇచ్చి చూడండి, ఆ చెట్టును నరికేముందు రైతు బేరం ఆలోచిస్తాడు.