హామ్ రేడియోకి ఎనిమిది వేల స్పీకరా?

మొన్న సంక్రాంతికి రాజంపేట వెళ్ళినప్పుడు నాన్న వచ్చి నా హామ్ రేడియో సెట్టు ముందు కూర్చున్నాడు. 40 మీటర్ల బ్యాండులో ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. రెండు నిమిషాలు విన్నాడు. "ఏందబ్బీ ఇది, బొరుగులు వేయించినట్టుంది. వాళ్ళేం చెప్తాండారో ఒక్క ముక్కా అర్థం కాలా" అని లేచిపోయాడు.

ఆయన్ననడానికేమీ లేదు. నా సెట్టులో ఉన్న స్పీకరు చిన్నది, పైగా సెట్టు అడుగున ఉంది. అంటే మాటలు ముందు బల్లకి వినిపిస్తాయి, తర్వాత మనకి!

బెంగళూరు తిరిగొచ్చాక ఆఫీసులో ఈ సంగతి చెప్తే, "మంచి బ్లూటూత్ స్పీకర్ కొనెయ్ బాస్, ఎనిమిది వేలే, బేస్ అదిరిపోద్ది" అన్నారు. మనోళ్ళకి ఇది అలవాటే కదా, సర్వర్ స్లో అయితే కోడ్ చూడకుండా ర్యామ్ పెంచమనడం :)

నేను చెప్పేది ఒకటే. హామ్ రేడియో వినడానికి ఖరీదైన మ్యూజిక్ స్పీకర్ దండగ. చాలాసార్లు నష్టం కూడా.

ఎందుకో చెప్తా. మన చెవి 20 హెర్ట్జ్ నుంచి దాదాపు 20 వేల హెర్ట్జ్ దాకా వినగలదు. పాటల స్పీకర్లన్నీ ఆ మొత్తం పరిధి కోసం తంటాలు పడతాయి. కానీ షార్ట్‌వేవ్‌లో హామ్‌లు ఎక్కువగా వాడే సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో మాట సుమారు 300 నుంచి 2,700 హెర్ట్జ్ మధ్యే వస్తుంది. దానికి పైనా కిందా వచ్చేది మాట కాదు, గోలే. బేస్ బాగున్న స్పీకర్ కరెంటు గుయ్యిమనే శబ్దాన్ని కూడా బ్రహ్మాండంగా వినిపిస్తుంది!

ఇంకో సంగతి. మాటలో జోరు అచ్చులది, అర్థం ఎక్కువగా హల్లులది. హల్లుల శబ్దం కాస్త పై ఫ్రీక్వెన్సీల్లో, తక్కువ బలంతో ఉంటుంది. బేస్ ఎక్కువైతే ముందు మునిగిపోయేవి అవే. గొంతు గంభీరంగా వినిపిస్తుంది గానీ ఏమన్నాడో తెలీదు.

"తెలియకపోతే ఏం కొంప మునిగింది, కాలక్షేపమే కదా" అనొచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున మా చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపుత్తూరు, మందపల్లి, గుండ్లూరు ఊళ్ళ మీద వరద పడింది. ఇళ్ళు పోయాయి, మనుషులు పోయారు. ఆ రోజు నేను బెంగళూరులో ఉన్నాను. ఇంటికి ఫోన్ కలవలేదు. ఎన్నిసార్లు కొట్టానో లెక్క లేదు. సాయంత్రానికి నాన్న గొంతు వినేదాకా ప్రాణం ప్రాణంలో లేదు.

హామ్ లైసెన్సు పరీక్ష రాయాలనిపించింది ఆ తర్వాతే. 2004 డిసెంబరు సునామీ అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో భారతీ ప్రసాద్ గారి హామ్ బృందం ఉంది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అసలు వేరే పని మీద వెళ్ళినవాళ్ళు, ఫోన్లు మూగబోతే అండమాన్ కబుర్లు బయటికి చేరవేశారు. అలాంటి రోజున రేడియోలో ఒక ఊరి పేరు వస్తుందనుకోండి. బొరుగుల చప్పుడు మధ్య "...ంపేట" అని మాత్రమే వినిపిస్తే? అది రాజంపేటా, పుల్లంపేటా? పక్కపక్క ఊళ్ళే, కానీ పడవ వెళ్ళాల్సింది ఏదో ఒక ఊరికే కదా.

సరే, మరి ఏం కొనాలి? నేను చేసింది చెప్తాను. నాన్న పాత ట్రాన్సిస్టర్ ఒకటి అటక మీద ఉంది. ఆకాశవాణి కడప కేంద్రం వార్తలు, వ్యవసాయ కార్యక్రమాలు ఏళ్ళ తరబడి వినిపించిన పెట్టె. అందులోని నాలుగంగుళాల కాగితం కోన్ స్పీకర్ 8 ఓమ్‌లది, ఇంకా బతికే ఉంది. ఒక చెక్క పెట్టెలో బిగించి, లోపల కొంచెం దూది కూరాను (చెక్క మామూలుదే, మా ఊరు కదా అని ఎర్రచందనం అనుకునేరు!). వైరు, ప్లగ్గు, చెక్క అన్నీ కలిపి రెండొందల్లోపే అయింది. అటక మీద ఏమీ లేకపోతే ఎలక్ట్రానిక్స్ కొట్లో ఇలాంటి స్పీకరే అడగండి.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి ఇవే. సెట్టు మాన్యువల్లో ఎన్ని ఓమ్‌లని ఉందో చూడండి. 8 ఓమ్‌లవి రెండు ప్యారలల్‌గా కలిపితే 4 అవుతాయి, సెట్టు తట్టుకోకపోవచ్చు. ప్లగ్గు మోనోనా స్టీరియోనా కూడా చూసుకోవాలి. సొంత యాంప్లిఫయర్ లేని స్పీకరే తీసుకోండి. కంప్యూటర్ స్పీకర్ల నాసిరకం అడాప్టర్లు రేడియోలో గోల పెంచుతాయి, కరెంటు పోతే మూగబోతాయి. మామూలు స్పీకర్ సెట్టుతో పాటే 12 వోల్టుల బ్యాటరీ మీద పనిచేస్తుంది. బ్లూటూత్‌లో మాట కాస్త ఆలస్యంగా వస్తుంది, దానికీ ఛార్జింగ్ కావాలి. పెట్టెని చెవి వైపు తిప్పి పెట్టండి. సగం లాభం అందులోనే ఉంది. కొట్లో పాట పెట్టి కాదు, ఎవరైనా మాట్లాడేది పెట్టి పరీక్షించండి.

బాగా బలహీనమైన సిగ్నల్‌కి ఇయర్‌ఫోనే మేలు, ఒప్పుకుంటా. కానీ అది ఒక్కడికే వినిపిస్తుంది. ఆపద రోజున గదిలో నలుగురు వినాలి, ఒకడు పొరబడితే ఇంకొకడు సరిదిద్దాలి.

ఇక మిగిలిన ఏడు వేల ఎనిమిదొందలు ఏం చెయ్యాలంటారా? మిద్దె మీద మంచి యాంటెన్నా కట్టుకోండి. యాంటెన్నాకి అందని మాటని ఎంత గొప్ప స్పీకరైనా వినిపించలేదు.

కొత్త పెట్టె తగిలించాక నాన్నని మళ్ళీ కూర్చోబెట్టాను. బొరుగుల చప్పుడు పూర్తిగా పోలేదు, పోదు కూడా. కానీ ఈసారి లేవలేదు. ఐదు నిమిషాలయ్యాక, "వాళ్ళ ఊర్లో గూడా వానల్లేవంట" అన్నాడు.