ఒరిజినల్స్ తెచ్చావా?

మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నీడన నడిచేవాళ్లకు ఆ చిన్న కాగితాలు కొత్తేం కాదు. కరెంటు స్తంభాల మీదా, హాస్టల్ గోడల మీదా అంటించి ఉంటాయి: హోమ్ నర్సులు, ఆయాలు, పేషెంట్ కేర్, 24 గంటలు. కింద ఒక ఫోన్ నంబరు. మూసారాంబాగ్‌లో మంచం పట్టిన ముసలాయనకో, కొత్తపేటలో తుంటి ఆపరేషనై ఇంటికొచ్చిన పెద్దావిడకో ఆ నంబరే దిక్కు. కొడుకు అమెరికాలో ఉంటాడు, కాదంటే గచ్చిబౌలి షిఫ్టులో ఉంటాడు. పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రానికల్లా ఒక అమ్మాయి చేతిసంచితో గుమ్మంలో నిలబడుతుంది. ఏ ఊరమ్మా అంటాం, భోంచేశావా అంటాం. ఆధార్ ఫొటో వాట్సాప్‌లో వచ్చేసింది కదా, ఇంకేం అడుగుతాం?

ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మనం ఇంతకు నాలుగింతలు ఆరా తీస్తాం. ఎంతమంది ఉంటారు, చుట్టాలు ఎక్కువగా వస్తారా, పాత ఇల్లు ఎందుకు ఖాళీ చేశారు? పాత ఓనరుకు ఫోన్ కొట్టేవాళ్లూ ఉన్నారు. అదే, అమ్మకు ఇన్సులిన్ సూది వేసే మనిషిని ‘అక్కడెందుకు మానేశావు’ అని అడగడానికి నోరు రాదు. అడిగితే ఈమె కూడా వెళ్లిపోతుందేమోనని బెంగ.

ఆసుపత్రులు ఇంతకంటే పదిలంగా ఉంటాయనుకుంటాం. ఉండేవి ఉన్నాయి. కానీ దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ చుట్టుపక్కల చిన్నాచితకా నర్సింగ్ హోముల్లో నైట్ డ్యూటీలు చేసే అమ్మాయిలను కదిలిస్తే, ఇంటర్వ్యూలో తాము మొదట విన్నమాట ఒకటే అంటారు: ‘ఒరిజినల్స్ తెచ్చావా?’ తెస్తే తీసుకుంటారు. బీరువాలో పెట్టి తాళం వేస్తారు, ఏడాదో రెండేళ్లో మానకుండా పడి ఉండాలని. ఆ సర్టిఫికెట్ మీద ఉన్న కాలేజీకి ఒక ఉత్తరం రాయడం, నర్సింగ్ కౌన్సిల్‌లో ఆ నంబరు నిజమేనా అని అడగడం మాత్రం చాలాచోట్ల ఎవరికీ తోచదు. చూడటానికి తెప్పించిన కాగితం తాకట్టు వస్తువైపోతుంది.

అదే అమ్మాయి రేపు దుబాయ్‌కో, సౌదీకో వెళ్తానంటే కథ వేరు. డేటాఫ్లో అనే సంస్థ ఆమె చదివిన కాలేజీనీ, పనిచేసిన ఆసుపత్రినీ నేరుగా అడుగుతుంది. ఆమె చేతిలోని కాగితం ఆమె చెప్పినంత మాత్రాన చెల్లదు, ఇచ్చినవాళ్లు ఔననాలి. కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ కావాలి. పోలీస్ క్లియరెన్స్ కావాలి. ఖర్చు చాలావరకు ఆమెదే, నెలల తరబడి నిరీక్షణా ఆమెదే. అరబ్బు షేక్ తల్లికి సూది వెయ్యాలంటే ఇంత తతంగం. మలక్‌పేటలో మనమ్మకైతే ఒక ఫొటో చాలు.

కాగితాలన్నీ అసలువే అయినా తీరని చిక్కు ఇంకొకటి ఉంది. అది పాత యజమాని మౌనం. రిలీవింగ్ లెటర్ చూడండి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేశారు, వారి భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం. మందుల అల్మరాలో లెక్క తప్పినందుకు పంపేసిన మనిషికీ ఆ రెండు వాక్యాలే, పదేళ్లు ఒళ్లు దాచుకోకుండా చేసిన మనిషికీ అవే. పీడ విరగడైందనుకునేవాడికి పక్క వీధి ఆసుపత్రి సంగతి పట్టదు.

ఈ మౌనం ఎంతదాకా పోగలదో తెలుగువాళ్లు దండిగా ఉండే న్యూజెర్సీ చూసింది. చార్లెస్ కల్లెన్ అనే నర్సు అక్కడా, పక్కనున్న పెన్సిల్వేనియాలోనూ 16 ఏళ్లలో 9 ఆసుపత్రులు, ఒక నర్సింగ్ హోమ్ మారాడు. అనుమానం వచ్చినచోట సాగనంపారు, తర్వాతి చోటికి ఆ అనుమానం చేరలేదు. 2003 డిసెంబరులో అరెస్టయ్యాక 29 హత్యలకు నేరం ఒప్పుకున్నాడు. 2005లో ఆ రాష్ట్రం చట్టం చేసుకుంది: తోటి ఆసుపత్రి అడిగితే ఉన్నమాట చెప్పాలి, మంచి బుద్ధితో చెప్పినవాళ్ల మీద దావా నడవదు.

అదే 2005లో ఆస్ట్రేలియా మరోలా తల పట్టుకుంది. గుజరాత్‌లో పుట్టిన జయంత్ పటేల్ అనే సర్జన్ మీద అమెరికాలోని ఒరెగాన్‌లో ఆంక్షలుండేవి, న్యూయార్క్‌లో లైసెన్సే పోయింది. అయినా 2003లో క్వీన్స్‌లాండ్‌లోని బండబర్గ్ ఆసుపత్రిలో చేరిపోయాడు. ఒరెగాన్ నుంచి వచ్చిన పత్రంలో ‘జతచేసిన ఉత్తర్వు చూడగలరు’ అన్న ధోరణిలో ఒక మాట ఉంది. జతచేసిన ఉత్తర్వు లేదు. ఏదీ అని అడిగినవాళ్లూ లేరు. ఐసీయూ నర్సు టోనీ హాఫ్‌మన్ పట్టు విడవకుండా ఫిర్యాదులు చేసింది. చివరికి ఒక విలేఖరి ఇంటర్నెట్‌లో పేరు కొట్టి చూస్తే అమెరికా పురాణమంతా బయటపడింది. ఆ ఒక్క కాగితం గురించి ఒక్క గుమాస్తా అడిగి ఉంటే!

మన దగ్గరా అంతే. మధ్యప్రదేశ్‌లోని దమోహ్‌లో లండన్ ప్రొఫెసర్ జాన్ కామ్ పేరును పోలిన పేరు పెట్టుకుని గుండె వైద్యం చేసిన వ్యక్తి 2025 ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు. ఏడుగురి మరణాలపై ఫిర్యాదు వచ్చింది. ఏజెన్సీ పంపితే తీసుకున్నామని ఆసుపత్రి అంది. హైదరాబాద్‌లోనూ 2019లో ఇతను ఒక కేసులో అరెస్టయ్యాడని అప్పుడే వార్తలొచ్చాయి. ఇక్కడి పోలీసు రికార్డులో ఉన్న పేరు దమోహ్ దాకా నడవలేకపోయింది. అదే ఏడాది జనవరిలో మన సరూర్‌నగర్‌లో అలకనంద ఆసుపత్రిలో బయటపడ్డ అక్రమ కిడ్నీ మార్పిళ్ల వ్యవహారం వేరే రకం. అక్కడ అడగాల్సిన యాజమాన్యమే తలుపు తీసిందని కేసు. అలాంటిచోట ఏ తనిఖీ అయినా లోపలినుంచి జరగదు, బయటినుంచే రావాలి.

ఎవరి పేరు ఎక్కడ రాసి ఉందో చూస్తే కొంత అర్థమవుతుంది. డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ ఉంది, నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ ఉంది. ల్యాబ్ టెక్నీషియన్ల వంటివారికి జాతీయ చట్టం 2021లో గానీ రాలేదు. ఇక ఆయమ్మ, వార్డ్ బాయ్, ఇంటికొచ్చే కేర్‌టేకర్... రోగి ఒంటిమీద చెయ్యి ఎక్కువసేపు ఉండేది వీళ్లదే, పేరు ఏ పుస్తకంలోనూ ఉండనిదీ వీళ్లదే. పైగా కాంట్రాక్టరు మారితే పేర్లూ మారతాయి.

ఒకప్పుడు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్నచోట టిమ్స్ భవనాలు లేచాయి. వెయ్యి పడకల ఆసుపత్రికి ఎంతమంది కావాలో లెక్క వేసుకోవచ్చు. వాళ్లలో ఎక్కువమంది ఏజెన్సీల మీదుగానే వస్తారేమో. టెండరు కాగితంలో తలకు ఇంత అని రేటు రాసేచోట, ఆ తల గురించి ఎవరు ఎవరిని అడిగారో రాయడానికి ఒక గడి పెట్టడం పెద్ద ఖర్చేం కాదు.

అయితే ఆ గడిని తలుచుకుంటే ఒక భయమూ వేస్తుంది. జీతం అడిగినందుకో, డ్యూటీ డాక్టరు వెకిలితనం మీద నోరు విప్పినందుకో పంపేసిన అమ్మాయి గురించి పాత మేనేజరు ఏం చెబుతాడు? ‘ప్రవర్తన బాగాలేదు’ అంటాడు. ఒరిజినల్స్ బీరువాలో పెట్టుకోవడం అలవాటైన చేతికి ఆమె మంచిపేరు కూడా దొరికితే అదీ తాకట్టే అవుతుంది. అందుకని తన గురించి ఏం రాశారో చూసుకునే హక్కు, కాదని చెప్పుకునే హక్కు ఆమెకు ముందు ఉండాలి. ఆధారంతో రాసిన మాటే నిలవాలి. పోలీసు కాగితం ఖర్చు పెట్టించుకునేవాళ్లదే కావాలి. నెలకు వచ్చేదే అంతంతమాత్రం, అందులోంచి కాదు.

చైతన్యపురిలో ఒక ఇంటికి తల్లిని చూసుకోవడానికి వచ్చిన అమ్మాయి సంగతి ఈమధ్య విన్నాం. సంచి కింద పెట్టకుండానే ఆమే అడిగిందట: ‘ఇంట్లో మగవాళ్లు ఎవరెవరు ఉంటారు మేడమ్? నా గదికి లోపల గొళ్లెం ఉందా? ముందు చేసినావిడ ఎందుకు మానేసింది?’ ఆ ఇల్లాలికి మొదట కోపం వచ్చిందట. తర్వాత వెళ్లి గొళ్లెం చూస్తే విరిగి ఉంది.