పోయాక ఏం చేయాలో తెలుసు, పోయే ముందు?

ఢిల్లీ పురానా ఖిల్లాలో షేర్ మండల్ అనే చిన్న రెండంతస్తుల కట్టడం ఉంది. 1556లో హుమాయూన్ చక్రవర్తి గ్రంథాలయం మెట్ల మీద నుంచి పడి మరణించింది అక్కడేనంటారు. కొద్ది దూరంలోనే ఉన్న ఆయన సమాధిని నేటికీ జనం టికెట్ కొనుక్కుని చూస్తున్నారు. జనశ్రుతి ఇంకా వెనక్కి వెళ్లి, ఖిల్లా ఉన్న దిబ్బే పాండవుల ఇంద్రప్రస్థమంటుంది. రోజూ ప్రాణులు పోతున్నా మిగిలినవాళ్లు తమకు చావు లేదనుకోవడమే అన్నిటికంటే వింత అని యక్షుడికి బదులిచ్చినవాడు ఆ ఇంద్రప్రస్థం రాజే.

సంస్కృతి యావత్తూ చావు భయానికి మనిషి కట్టుకున్న గోడ అని అమెరికా మానవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ బెకర్ 1973లో వాదించాడు. ఆ వాదాన్ని కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాలకు పెట్టారు. 1989 నాటి ఒక అధ్యయనంలో, ముందుగా తమ చావు గురించి రాసిన జడ్జీలు ఒక కేసులో సగటున 455 డాలర్ల బెయిల్ విధిస్తే, రాయనివాళ్లు 50 డాలర్లతో సరిపెట్టారు. వినడానికి భలేగా ఉంది. కానీ ఇదే కోవకు చెందిన మరో ప్రయోగాన్ని 21 ప్రయోగశాలలు తిరిగి చేసి చూస్తే ఆ ప్రభావం కనిపించలేదని 2022లో వెల్లడైంది. సమాధులనూ శ్రాద్ధాలనూ ఒక్క భయం ఖాతాలోనే వేసేయడం తొందరపాటు. వాటిలో ప్రేమ ఉంది, దుఃఖం ఉంది, హోదా చాటుకోవడమూ ఉంది.

అయినా చావు ఎరుక ఆచారాలను ఎంత వివరంగా తీర్చిదిద్దిందో యమునా తీరాన నిగంబోధ్ ఘాట్‌లో చూడవచ్చు. నిప్పు ఎవరు పెట్టాలి, అస్థికలు ఎప్పుడు ఏరాలి, పదకొండో రోజు ఏం చేయాలి, అన్నిటికీ పద్ధతి ఉంది. పోయే ముందు రోజులకే లేదు. అది పెద్దల లోపం కాదు. వారి కాలంలో ఊపిరి ఆగితే అంతే. వెంటిలేటర్ వచ్చాక ఊపిరి, గుండె, మెదడు ఒకేసారి ఆగాల్సిన పని లేకపోయింది. మనిషి తిరిగి రాడు, వెళ్లిపోనూ లేడు.

ఆ రోజుల కోసమే, కోలుకునే ఆశ లేనప్పుడు ప్రాణాన్ని నిలిపే చికిత్స వద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. దీన్నే లివింగ్ విల్ అంటున్నారు. మొదట జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ సంతకం కావాలనడంతో అది ఆచరణలో కష్టమైంది. 2023 జనవరిలో నియమం సడలించారు. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. అమలుకు ముందు రెండు వైద్య బోర్డులు పరిశీలిస్తాయి.

ఇక మిగిలిన అడ్డు ఇంట్లోనే ఉంది. కొడుకు గురుగ్రామ్‌లో, అమ్మానాన్నలు గుంటూరులో ఉండే కుటుంబాలెన్నో. బీమా కాగితంలో నామినీ పేరు రాయడానికి ఎవరి చేయీ వణకదు. వెంటిలేటర్ మాట ఎత్తితే మాత్రం "ఎందుకురా ఈ అశుభం మాటలు" అని నోరు మూయిస్తారు. చివరికి అర్ధరాత్రి విమానం దిగి వచ్చిన కొడుకును ఐసీయూ తలుపు దగ్గర నిలబెట్టి డాక్టరు అదే ప్రశ్న అడుగుతాడు. నాన్న ఏమనుకునేవాడో ఆ కొడుక్కి తెలియదు. అడగాల్సిన మనిషి గొంతులో గొట్టం ఉంది.