సేవ స్వామ్యంగా మారిననాడు

అహంకార స్వరూపాన్ని గ్రంథముఖంగా తెలుసుకున్నవారం మనలో అనేకులం. అదే అహంకారం పాఠశాల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో సేవావేషం ధరించి ప్రత్యక్షమైనప్పుడు గుర్తించగలిగేవారు అల్పం. గుర్తించినా, తమ మౌనమే దానికి ఆహారమవుతున్నదని గ్రహించేవారు అత్యల్పం. నేనూ చాలాకాలం గ్రహించలేదు. ఈ నాలుగు మాటలు వ్రాయడానికి అదే కారణం.

మదనపల్లెలో నా మనుమరాలు చదువుతున్న ఒక చిన్న ప్రైవేటు పాఠశాలలో తల్లిదండ్రుల బృందం ఒకటి ఉన్నది. దాని భారాన్నంతా ఒక మాతృమూర్తి స్వచ్ఛందంగా వహిస్తున్నారు. ఆమె దోషాన్ని ప్రస్తావించే ముందు గుణాన్ని చెప్పడం ధర్మం. విహారయాత్రనాడు తెల్లవారుజామునే పులిహోర గిన్నెలతో బడి ద్వారం వద్ద నిలిచినది ఆమె. ఒక బాలుడు ఆటస్థలంలో పడి చేయి విరిగినప్పుడు, తండ్రి వచ్చేవరకు ఆసుపత్రిలో వాడి ప్రక్కన కూర్చున్నది ఆమె. మొదటి సంవత్సరం అందరమూ ఆమెను ప్రశంసించాము. రెండవ సంవత్సరానికి ఆ ప్రశంసే పట్టాభిషేకమైంది. సమావేశ దినం, వేదిక అలంకారం, ఉపాధ్యాయులతో మాట్లాడవలసిన విషయం, సమస్తమూ ఆమె నిర్ణయమే. భిన్నాభిప్రాయం చెప్పినవారికి "పని చేసేవాళ్ళకే తెలుస్తుంది కష్టం" అన్న ఒక్క వాక్యమే సమాధానం.

వార్షికోత్సవ నృత్యానికి దుస్తుల నిమిత్తం ఒక్కొక్కరు 800 రూపాయలు చెల్లించాలని ఆమె ఎవరినీ సంప్రదించకుండా ప్రకటించారు. గడువు ముగిసిన మరునాటి సాయంకాలం, చెల్లించని తొమ్మిదిమంది పిల్లల పేర్లు గ్రూపులో కనిపించాయి. అందులో ఒక బాలిక, విద్యాహక్కు చట్టం పేద కుటుంబాలకు కేటాయించిన 25 శాతం సీట్లలో ఒకదానిలో ఉచితంగా చేరిన విద్యార్థిని. తల్లి టమోటా మార్కెట్‌లో కాయలు ఏరి వేరుచేసే కూలీ. ఆ జాబితా క్రింద కొందరు నమస్కార చిహ్నం పెట్టారు. సంధ్యావందనం ముగించుకొని ఫోను చేతికి తీసుకున్న నేను, పూర్తిగా చదవకుండానే, అదే చిహ్నం పెట్టాను.

మూడు రోజుల తరువాత మార్కెట్ దారిలో ఆ తల్లి ఎదురైంది. "బిడ్డ బడికి పోనంటాంది సార్. గ్రూపులో పేరేసినారంట గదా. మీరు గూడా దండం పెట్టినారంట" అన్నది. ఆ స్వరంలో నిష్ఠురం లేదు. ఉంటే కొంత ఉపశమనం కలిగేదేమో.

ఇప్పుడు శాస్త్రం వైపు చూద్దాం. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయంలో కర్తను మూడు విధాలుగా విభజించిన భగవానుడు, సాత్త్విక కర్తకు సంగరాహిత్యాన్ని, 'నేను చేశాను' అని పలుకకపోవడాన్ని లక్షణాలుగా చెప్పాడు. రాజస కర్త సోమరి కాడు. అతడూ శ్రమిస్తాడు, ఒక్కొక్కప్పుడు సాత్త్వికుని కన్నా అధికంగా శ్రమిస్తాడు. భేదం శ్రమలో లేదు, ఫలాపేక్షలో ఉన్నది. ఫలమంటే ధనమే కానక్కరలేదు. 'నేను లేకపోతే ఇక్కడ ఏదీ జరగదు' అన్న భావనలో కలిగే తృప్తి కూడా ఫలమే. పదునేడవ అధ్యాయంలో ప్రత్యుపకారాన్ని ఉద్దేశించి ఇచ్చే దానం రాజసమని చెప్పబడింది. కాలాన్ని ఇవ్వడమూ దానమే కదా! ఇచ్చిన కాలానికి ప్రతిగా ఇతరుల విధేయతను కోరినప్పుడు ఆ దానం ఋణపత్రంగా మారుతుంది.

కేనోపనిషత్తులోని యక్షోపాఖ్యానం ఇక్కడ స్మరణీయం. బ్రహ్మము దేవతలకు విజయాన్ని ప్రసాదించగా, ఆ విజయం తమదేనని దేవతలు భ్రమించారు. యక్షరూపంలో సాక్షాత్కరించిన బ్రహ్మము ఒక గడ్డిపరకను ముందుంచితే, అగ్ని దానిని దహించలేకపోయాడు, వాయువు కదిలించలేకపోయాడు. గమనించండి, అగ్నివాయువులు అసమర్థులు కారు. సమర్థులకే ఈ భ్రమ కలుగుతుంది. బృందంలో అందరికన్నా సమర్థురాలైన వ్యక్తికే ఈ వ్యాధి సోకడంలో ఆశ్చర్యం లేదు.

ఇంతవరకు చెప్పింది ఆమెను గురించి. ఇంతటితో ఆగితే ఈ వ్యాసమూ పరనింద అవుతుంది.

కౌరవసభలో ద్రౌపది ప్రశ్న అడిగిననాడు ఆ సభలో ధర్మజ్ఞులు లేకపోలేదు. విదురుడు పలికాడు, ధృతరాష్ట్రపుత్రులలో వికర్ణుడు పలికాడు. తక్కిన పెద్దలు ధర్మసూక్ష్మతను సాకుగా చేసుకొనో, తల వంచుకొనో కూర్చున్నారు. దుర్యోధనుని అహంకారానికి ఆనాడు బలమిచ్చింది అతని భుజబలం మాత్రమే కాదు, వారి మౌనం కూడా. ప్రమాదం, ఆలస్యం, నిద్ర అనేవి తమోగుణ బంధాలని గీత పదునాలుగవ అధ్యాయం చెబుతున్నది. మన తమస్సుకు శాంతస్వభావమని పేరు పెట్టుకొని, ఎదుటివారి రజస్సును విమర్శించడం సాధకులకు తగదు. పని వచ్చినప్పుడు తప్పుకొని, నిర్ణయం వచ్చినప్పుడు బాధపడేవాడు తన సింహాసనాన్ని తానే ఖాళీ చేశాడు.

'సరే, మౌనం వీడి ఎదిరించాలి' అని ఉత్సాహపడేవారికి పుంగనూరు మిత్రుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు, చెప్పిన వృత్తాంతం ఒకటి వినిపించాలి. అక్కడి ఒక పాఠశాలలో ఇటువంటి స్వచ్ఛంద సేవకుని తల్లిదండ్రులు నిండు సమావేశంలో నిలదీశారు. లెక్కలడిగారు, పరిహసించారు, ఆయన భార్యాపిల్లల యెదుటనే దొంగ అన్నంత పని చేశారు. లెక్కలలో దోషం కనిపించలేదు. ఆయన లేచి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. క్రీడాదినోత్సవానికి నీళ్ళ ఏర్పాటు చేసేవారు లేకపోయారు. ఆరునెలలు తిరగకముందే మరొకరు అదే ఆసనం అధిష్ఠించారు, నిలదీసినవారిలోని వారే. ఆసనం అలాగే ఉంచి ఆసీనుని మార్చినందువల్ల కలిగిన ఫలమది.

కుప్పం విషయం వేరు. తెలుగు, తమిళ, కన్నడ సీమలు కలిసే ఆ ప్రాంతంలో ఒకే తరగతిలో మూడు మాతృభాషల పిల్లలు కూర్చోవడం వింత కాదు. అక్కడి ప్రభుత్వ పాఠశాలలో పనిచేసిన నా పూర్వ విద్యార్థి ఒకడు తన అనుభవం చెప్పాడు. తల్లిదండ్రుల కమిటీలో ఒక సభ్యుడు ధారాళంగా మాట్లాడేవాడు. ఇంట్లో తమిళం మాట్లాడుకునే తల్లులు చివరివరకు నోరు విప్పకుండానే సంతకం చేసి వెళ్ళేవారు. వారు ఆయనను తొలగించలేదు. పనిని విభజించారు. జమాఖర్చు ఒకరికి, ప్రకటనలు ఒకరికి, ఉపాధ్యాయులతో సంప్రదింపు మరొకరికి అప్పగించి, కొన్ని నెలలకొకసారి బాధ్యతలు మార్చుకున్నారు. గత సమావేశంలో మాట్లాడనివారే ఈ సమావేశంలో మొదట మాట్లాడాలన్న నియమం పెట్టుకున్నారు. ఖర్చు వివరం అందరికీ కనబడేటట్లు బోర్డుమీద వ్రాశారు. ఆ ధారాళభాషికి మధ్యాహ్న భోజన పర్యవేక్షణ లభించింది, దానిని ఆయన శ్రద్ధగా చేశాడట. అగ్నిని ఆర్పనక్కరలేదు, పొయ్యిలో ఉంచితే చాలు.

ఈ పద్ధతి చట్టహృదయానికీ సన్నిహితమైనదే. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సభ్యులలో సగం స్త్రీలు ఉండాలి, బలహీనవర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం ఉండాలి. మన రాష్ట్రంలో 2024 ఆగస్టులో జరిగిన ఎన్నికలలో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులు ఎన్నికయ్యారు. ప్రభుత్వ సహాయం లేని ప్రైవేటు పాఠశాలలకు ఈ నిబంధన వర్తించదు. అక్కడి బృందాలకు ఎన్నిక లేదు, కాలపరిమితి లేదు. ముందు వచ్చినవారే నాయకులు, గ్రూపు అడ్మినే అధిపతి. చట్టం లేనిచోట ధర్మమే చట్టం కావాలి.

ధర్మాచరణ క్రమం నా అవగాహనలో ఇది. మొదట, ఆక్షేపించదలచినవాడు ఒక పనిని తన భుజంమీద వేసుకోవాలి. రిక్తహస్తాలతో వచ్చే సత్యం కఠినంగా వినబడుతుంది. రెండవది, మొదటి మాట ఏకాంతంలో చెప్పాలి. వాఙ్మయ తపస్సులో సత్యం, ప్రియం, హితం మూడూ కలిసి ఉండాలని గీత విధించింది. సభలో చెప్పే సత్యానికి ప్రియత్వం సులభంగా నశిస్తుంది. మూడవది, ఏకాంతంలో ఫలించకపోతే సభలో చెప్పాలి, అయితే వ్యక్తిని గురించి కాక విధానాన్ని గురించి చెప్పాలి. నాల్గవది, బిడ్డకు హాని జరిగినచోట ఈ క్రమం కోసం వేచి ఉండరాదు. ఆ దినమే ప్రధానోపాధ్యాయునికి తెలియజేయాలి. పతంజలి మహర్షి చెప్పిన ఉపేక్షను కొందరు ఇక్కడ తప్పుగా అన్వయిస్తారు. దోషియందు ద్వేషం పెంచుకోకపోవడం ఉపేక్ష. బాధితురాలిని పట్టించుకోకపోవడం ఉపేక్ష కాదు. ఆమె విషయంలో మహర్షి చెప్పినది కరుణ.

ఆ సాయంకాలమే ప్రధానోపాధ్యాయునికి విషయం చెప్పి, నేనూ నా భార్యా ఆ స్వచ్ఛంద సేవకురాలి ఇంటికి వెళ్ళాము. "అమ్మా, నేను మీమీద ఫిర్యాదు చెప్పడానికి రాలేదు. చదవకుండా ఆ జాబితాకు నమస్కారం పెట్టిన తప్పు నాది. దానిని దిద్దుకోవడానికి మీ సహాయం కావాలి" అన్నాను. బాలిక మూడు రోజులుగా బడికి రావడం లేదని ఆమెకు తెలియదు. మొదట కోపంగానే మాట్లాడారు. తరువాత ఫోను తీసి, పాత సందేశాలు చూపించారు. "సామాను తేవడానికి ఎవరైనా వస్తారా", "లెక్కలు చూడడానికి ఒకరు కావాలి", "రేపు ఇద్దరు తోడుంటే బాగుంటుంది". ఒక్కదానికీ సమాధానం లేదు. అన్నిటి క్రిందా నమస్కార చిహ్నాలే. "నేనూ మానేస్తే ఎవరు చేస్తారు సార్?" అన్నప్పుడు ఆమె కళ్ళు చెమర్చాయి. నా దగ్గర సమాధానం లేదు.

జాబితా ఆ రాత్రే తొలగింది. చందా ఐచ్ఛికమని, ఇచ్చేవారు తరగతి ఉపాధ్యాయురాలికి విడిగా ఇవ్వవచ్చునని ఆమెయే వ్రాశారు. లెక్కల పుస్తకం నేను తీసుకున్నాను. బాలిక ఆ వారాంతం తరువాత బడికి వచ్చింది. అయితే వార్షికోత్సవంలో నృత్యం చేయనన్నది, చేయలేదు. కొన్ని గాయాలు జాబితాతోపాటు తొలగవు. ఆమె స్వభావమూ సంపూర్ణంగా మారలేదు. ఇప్పటికీ నేను వ్రాసిన లెక్కను మళ్ళీ కూడి చూస్తారు. చూడనివ్వండి, లెక్క సరిగానే ఉన్నది.

మదనపల్లెలో నివసించేవారు ఒక విషయం మరువరాదు. 1895లో ఈ ఊరిలోనే జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని 1911లో ఒక ప్రపంచవ్యాప్త సంఘానికి అధిపతిని చేశారు. వేలాదిమంది అనుచరులు, విస్తారమైన ఆస్తులు ఆయన వెనుక నిలిచాయి. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో, అనీబిసెంటు సమక్షంలో, ఆయన ఆ సంఘాన్నే రద్దుచేశారు. ఆస్తులను దాతలకు తిరిగి అప్పగించారు. గురుశాస్త్ర ప్రామాణ్యం విషయంలో ఆయన అభిప్రాయాలతో మనవంటి సంప్రదాయానుయాయులు విభేదించవచ్చు, నేను విభేదిస్తాను. కానీ ప్రపంచమంతటి అధిపత్యాన్ని ఒక్క ప్రసంగంతో దించి పెట్టిన వ్యక్తి పుట్టిన ఊరిలో, ఒక వాట్సాప్ గ్రూపు అధిపత్యాన్ని దించి పెట్టడం మనకింత దుష్కరం కావడం ఆలోచించదగినదే.

జిజ్ఞాసువులకు నా విన్నపం ఇంతే. ఈ రాత్రి మీ పిల్లల బడి గ్రూపు తెరిచి, సహాయం కోరుతూ ఎవరో పంపిన పాత సందేశం ఒకటి వెతకండి. దానికి చిహ్నంతో కాక మాటతో సమాధానమివ్వండి. ప్రతి పూజాంతంలో మనం పలికే కృష్ణార్పణం అన్న మాట కర్తృత్వాన్ని వదలడాన్ని బోధిస్తుంది, కర్మను కాదు. ఆ సేవకురాలు నేర్చుకోవలసింది మొదటిది, మనం నేర్చుకోవలసింది రెండవది.

శ్రీకృష్ణార్పణమస్తు.