సాయంకాలము ఎవరి సొత్తు?

బెంగుళూరునందలి మన తెలుగు కుటుంబములలో పెద్దలు ఇటీవల తరచుగా ఒక మాట అనుచున్నారు: "అబ్బాయి ఇంటిలోనే ఉన్నాడు, కాని మాకు దొరకడు." ఈ మాటలో చమత్కారము కంటె వ్యథయే ఎక్కువ. సాఫ్ట్‌వేరు ఉద్యోగములు మన పిల్లలకు అన్నము పెట్టినవి, ఆడపిల్లలకు స్వతంత్ర జీవనము కల్పించినవి. ఆ మేలు మరచుట కృతఘ్నత. అయినను, ఇచ్చిన దానికి బదులుగా ఈ ఉద్యోగము పుచ్చుకొనుచున్నదేమి యని విచారించుట మన విధి.

మన తండ్రులు, తాతలు పలువురు ఈ నగరపు కర్మాగారములలో పనిచేసినవారే. 1940లో విమాన కర్మాగారము, 1948లో టెలిఫోను పరిశ్రమ, 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్ ఇచట వెలసినవి. కూత విని పనికి పోయెడివారు, కూత విని ఇల్లు చేరెడివారు. షిఫ్టు పనివారికి రాత్రులు పోయినను, ఏ వారము పోవునో ముందుగా తెలిసియుండెడిది. గేటు దాటిన పిమ్మట యజమాని మాట వెంట వచ్చెడిది కాదు.

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ ఇచ్చటికి వచ్చి, ఉపగ్రహము ద్వారా పనిని సముద్రములు దాటించినది. నాటినుండి మన గడియారమునకు మరియొక గడియారము తోడైనది. న్యూయార్కులో ఉదయము 9 గంటలగునప్పటికి మనకు వేసవిలో సాయంకాలము 6.30, శీతకాలమున 7.30. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయము 9 అనగా మనకు రాత్రి 9.30 లేక 10.30. కొనువాడు అక్కడ, చేయువాడు ఇక్కడ. కావున కొనువాని ఉదయమునకు చేయువాని దీపాలవేళ లోబడుచున్నది. 2020లో మహమ్మారి వచ్చి కచేరీని ఇంటిలోనికే తెచ్చినది. త్రోవలో పోవు గంటలు మిగిలినవి; గడప మాత్రము చెరిగిపోయినది.

1961 నాటి కర్ణాటక దుకాణముల, వాణిజ్య సంస్థల చట్టము దినమునకు 9 గంటలు, వారమునకు 48 గంటలు అని హద్దు గీచినది. 2023లో ఇన్ఫోసిస్ స్థాపకులలో ఒకరైన శ్రీ నారాయణమూర్తిగారు యువకులు వారమునకు 70 గంటలు పనిచేయవలెనని సెలవిచ్చిరి. పెద్దల యెడ గౌరవముతోనే లెక్క వేయుదము. ఐదు దినములకు పంచిన దినమునకు 14 గంటలు. నిద్రకు ఏడు పోగా మిగులునవి మూడు. స్నానము, భోజనము, ప్రయాణము ఆ మూటిలోనే. బిడ్డతో మాటలాడుట ఎప్పుడు?

ఈ ప్రశ్న అందరికిని ఉన్నదే. కాని మనకు మరింత పదునుగా ఉన్నది. గుంటూరులో తండ్రికి తీరికలేకున్నను బిడ్డకు వీధి తెలుగు నేర్పును. ఇచ్చట బడిలో ఇంగ్లీషు, అంగడిలో కన్నడము. కన్నడము మనకు అన్నము పెట్టిన నేల నుడి. అది నేర్చుట మనకు ఇష్టమే. తెలుగునకు మాత్రము ఇల్లు తప్ప వేరు చోటు లేదు, ఇంటిలో సాయంకాలము తప్ప వేరు వేళ లేదు.

మే మెరిగిన యొక యింట అవ్వ మనుమరాలికి కథ చెప్పుచుండెను. ప్రక్కనే కంప్యూటరు ముందున్న కుమారుడు, కాల్ నడుచుచున్నదని చేయి ఊపెను. అవ్వ మధ్యలో ఆగెను. బిడ్డ కొంతసేపు చూచి ఫోను తీసికొనెను. ఆ కథ ఆనాడు పూర్తికాలేదు. ఇందు ఎవరిని నిందింపగలము? ఇంటి అప్పునకు నెలనెలా వాయిదా కట్టవలెను; కృత్రిమ మేధ తన పని యెక్కడ లాగికొనునో యన్న భయము ఒకటి. భయపడినవాడు "ఇప్పుడు కుదరదు" అనలేడు.

ఉద్యోగములు మానుడని మేము చెప్పుట లేదు. ఒక్కడుగా అడుగలేనిది జట్టుగా అడుగవచ్చును: ఒక వారము మన రాత్రి, మరియొక వారము వారి రాత్రి అని కాల్ వేళలు మార్చుకొనుట న్యాయమైన కోరిక. రాత్రి తప్పనివారు ఉదయము బడి వేళకు ముందు అరగంట బిడ్డకు ఇయ్యవచ్చును. పెద్దలు పిల్లలను దెప్పుటకు బదులు, ఆ వేళకు తాము సిద్ధముగా ఉండవలెను. మన సంఘము సైతము పని దినముల సాయంకాలపు తెలుగు తరగతులను ఆదివారము ఉదయమునకు మార్చుట మంచిది. ఖాళీ బల్లలకు పాఠము చెప్పి ప్రయోజనము లేదు.

నాడు కర్మాగారము తానే కూత వేసి మనుష్యుని ఇంటికి పంపెడిది. నేడు ఆ కూత వేయువారు లేరు. మన యింట మనమే వేసికొనవలెను.